మొలొకాయి కొండ అంచున ఒక కౌంటీ

ముప్ఫై ఏళ్లు రెవెన్యూ శాఖలో పనిచేసినదాన్ని. ఏ కొత్త ఊరికెళ్లినా ఇది ఏ జిల్లా, ఆఫీసు ఎక్కడ అని అడగందే నాకు తోచదు. మా అమ్మాయితో హవాయి వెళ్లినప్పుడూ అంతే. ఒవాహు దీవి ఉత్తరపు ఒడ్డున నిలబడి హొనొలులు ఇక్కడికెంత దూరమని అడిగితే, "మీరున్నది హొనొలులు కౌంటీలోనే" అన్నాడు ఒకాయన. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. దీవి మొత్తానికీ ఒకే కౌంటీ, ఒకే మేయరు. దాని కింద మున్సిపాలిటీలూ పంచాయతీలూ ఏమీ లేవు. రాష్ట్రం మొత్తమ్మీద కౌంటీలు ఐదే. ప్రభుత్వ బడులైతే నేరుగా రాష్ట్రం చేతిలోనే ఉన్నాయి.

ఆ ఐదింట్లో అతి చిన్నదాన్ని చూడాలనే మొలొకాయికి చిన్న విమానమెక్కాం. దీవంతా వెతికినా ఒక్క ట్రాఫిక్ సిగ్నల్ లేదు. మేం దిగిన ఇంటావిడని అందరూ ఆంటీ అంటున్నారు. అక్కడా పెద్దవాళ్లని అలాగే పిలుస్తారట, మాకు నోరు తిరగని కష్టం తప్పింది. ఆవిడ చెప్పిన మాట నా మనసులో ఉండిపోయింది. మొలొకాయిలో ఆ చిన్న కౌంటీ పోను మిగతాదీ, లనాయి, మావీ దీవులూ కలిపి ఒకటే కౌంటీ, ముఖ్య కార్యాలయాలు మావీలోని వైలుకులో. కౌన్సిల్లో తొమ్మిది మంది. అందులో ఒకరు మొలొకాయి నివాసి కావాలి, కానీ ఓటు మాత్రం కౌంటీ అంతా వేస్తుంది. "మా మనిషి ఎవరో మావీ వాళ్లు తేలుస్తారు" అంది. ఏడువేల జనాభా ఉన్న దీవికి అది న్యాయమని నాకూ అనిపించలేదు.

మర్నాడు పాలావు పార్కుకి తీసుకెళ్లింది. దారి పొడవునా మన సముద్రపు ఒడ్డున ఉండే సరుగుడు చెట్లే. రాలిన ఆకు మెత్తగా పరుచుకుని అడుగుల చప్పుడే వినిపించలేదు. చెట్లు అయిపోయిన చోట నేల కూడా అయిపోయింది. పదిహేను వందల అడుగుల కింద, సముద్రంలోకి చాచిన అరచేయిలా కలౌపాప. అదే కలవావో కౌంటీ.

1866 నుంచి కుష్ఠు సోకినవాళ్లని అక్కడికి పంపేశారు. మొత్తమ్మీద ఎనిమిది వేల మంది దాకా. వెనక నిట్టనిలువు కొండ, మిగతా మూడువైపులా సముద్రం. బెల్జియం నుంచి వచ్చిన ఫాదర్ డామియన్ 1873లో వెళ్లి, వాళ్లతో ఉండి, అదే జబ్బుతో 1889లో పోయాడు. నిర్బంధపు చట్టం 1969 దాకా రద్దు కాలేదు. వెళ్లడానికి చోటు లేనివాళ్లు అక్కడే ఉండిపోయారు. 2020 లెక్కల్లో జనాభా 82. ఎన్నికైన కౌన్సిల్ గానీ, మేయరు గానీ లేరు, పాలన రాష్ట్ర ఆరోగ్యశాఖది. పెద్ద సామాన్లు ఏడాదికి ఒక్కసారి బార్జి మీద వస్తాయి.

పదహారేళ్లలోపు పిల్లలకు కిందికి ప్రవేశం లేదని ఆంటీ చెప్పింది. అక్కడ పుట్టిన బిడ్డల్ని ఒకప్పుడు తల్లుల దగ్గర ఉంచేవారు కాదని కూడా చెప్పింది. మా అమ్మాయి రెయిలింగు పట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు.

సరిహద్దు రాళ్లు, గొలుసు కొలతలు చూసిన దాన్ని నేను. ఇక్కడి గీతని జబ్బు పట్ల భయం గీసింది. చివరి రోగి కూడా వెళ్లిపోయాక ఈ కౌంటీని మావీలో కలిపేస్తారేమోనని ఆంటీకి దిగులు. కలపొద్దనే నాకూ అనిపించింది. పేరు చెక్కిన రాయి కూడా దక్కనివాళ్లు ఆ నేలలో ఎందరో ఉన్నారు. వాళ్లకి పటం మీద ఆ ఒక్క పేరైనా ఉండనివ్వాలి.