పొగ ఎప్పుడొస్తోందని అడగలేదు

పని అయిపోయింది. వాల్వ్ కవర్ బిగించేశాం, పానాలన్నీ తుడిచి డబ్బాలో పెట్టేశాం. అయినా నిద్ర పట్టడం లేదు. మొన్న మా కారు చూసి మెకానిక్ అన్న మాట ఇంకా లోపల గుచ్చుతూనే ఉంది.

"బోరుకొచ్చేసింది సార్. ఇంజను దించాల్సిందే."

అంటే లోపల సిలిండర్లు అరిగిపోయాయని. బండి నడుపుకుంటూ వెళ్లింది నేను. పొగ సంగతి చెప్పిందీ నేనే. అతను జవాబు మాత్రం మా ఆయన మొహం చూసి చెప్పాడు. ఆయన అన్నిటికీ తలూపారు. పిస్టన్లేవి మార్చాలో, రింగులెంతవుతాయో, బండి ఎన్నాళ్లు వదిలి వెళ్లాలో, అంతా ఆయనకే వివరించాడు. "పొగ ఎప్పుడొస్తోందమ్మా?" అని నన్నొక్క మాట అడగలేదు.

అడిగుంటే చెప్పేదాన్ని. రాత్రంతా నిలిపిన బండిని పొద్దున స్టార్ట్ చేస్తే నీలం పొగ గుప్పుమంటుంది. కాసేపటికి పోతుంది. ఆ తర్వాత హైవే మీద ఎంత తొక్కినా ఏమీ ఉండదు. ఫ్లైఓవర్ దిగుతూ యాక్సిలరేటర్ వదిలేసి, కింద మళ్లీ తొక్కినప్పుడు మాత్రం అద్దంలో కనిపిస్తుంది. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగిన ఇంజనైతే బరువు లాగేటప్పుడు పొగ వదులుతూనే ఉంటుంది. ఇది అలా కాదు. పైన హెడ్డులో, అంటే సిలిండర్ల మీద మూతలా ఉండే భాగంలో, మిగిలిన ఆయిల్ రాత్రికి రాత్రి వాల్వు కాడ వెంట జారి, సిలిండర్లో చేరి, పొద్దున ఒక్కసారిగా కాలుతోంది. జారకుండా పట్టుకోవాల్సింది ఆ వాల్వు కాడకి తొడిగిన చిన్న రబ్బరు సీలు. తమ్ముడి గేజీతో కంప్రెషన్, అంటే సిలిండర్లో గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటోందో, అదీ చూశాను. మూడు సిలిండర్లూ దాదాపు ఒకేలా చూపించాయి. ప్లగ్గు రంధ్రంలోంచి కాస్త ఆయిల్ పోసి మళ్లీ చూస్తే పెద్దగా పెరగలేదు. రింగులు పోయుంటే పెరగాలి. ఈ పరీక్షకి గంట కూడా పట్టదు. ఆ షెడ్డులో ఎవరికీ చేయాలనిపించలేదు!

నా కోపమంతా నా గురించే అయితే ఈపాటికి పడుకునేదాన్ని. నాన్నకీ ఇదే మాట చెప్పారు.

బుజ్జిగాడి పుట్టువెంట్రుకలకి తిరుమల వెళ్లినప్పుడు ఈ బండిలోనే వెళ్లాం. దిగేది పాత ఘాట్ రోడ్డు, 1944లో వేసింది. దానికి ఎక్కడా ఊపిరి తీసుకునే మలుపుండదు. నాన్న రెండో గేరులో వేసి, బ్రేకు మీద కాలు ఆనించకుండా, ఇంజను పట్టు మీదే దించేవారు. "కొండ దిగేటప్పుడు న్యూట్రల్ వేసేవాడు నా బండి ముట్టుకోకూడదు" అని వెనక కూర్చున్న మామయ్యకి వినపడేలా అన్నారు. బుజ్జిగాడు గుండుకి గంధంతో నా ఒళ్లో నిద్ర. లడ్డూల సంచి అమ్మ కాళ్ల దగ్గర. ప్రతి మలుపు తర్వాత యాక్సిలరేటర్ తొక్కగానే వెనక నీలం పొగ. నాన్న ప్రతిసారీ అద్దంలో చూసేవారు, ఏమీ అనేవారు కాదు. అలిపిరి దాటాక పక్కకి ఆపి, డిక్కీలోంచి ఆయిల్ డబ్బా తీసి పోశారు.

ఆ పొగ ఎందుకొచ్చిందో ఇప్పుడు తెలుసు. గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజనులోకి గాలి వెళ్లే తలుపు, థ్రాటిల్, మూసుకుంటుంది, ఇంజను మాత్రం చక్రాల ఊపుకి తిరుగుతూనే ఉంటుంది. గాలి అందక లోపల పీల్పు పెరుగుతుంది, గట్టిపడిన సీలు దాటించి ఆయిల్‌ని లాగేసుకుంటుంది. నాన్న డ్రైవింగ్ సక్రమంగా ఉన్నందుకే పొగ అంత బాగా బయటపడింది. ఊరికొచ్చాక మెకానిక్ "బోరుకొచ్చింది" అన్నాడు, నాన్న నమ్మారు. మళ్లీ ఆ బండిని కొండెక్కించలేదు. దారిలో ఇంజను పోతే పిల్లలతో ఎక్కడ ఆగుతామన్న భయం. ఆ తర్వాత ప్రతి ఏడూ బస్సే. మోకాళ్ల నొప్పులతో ఆ బస్సు మెట్లు ఎక్కడం నేను చూశాను. ఇవాళ తీసిన పాత సీలు నా చిటికెన వేలి కొసంత లేదు. గోటితో నొక్కితే ప్లాస్టిక్‌లా పుటుక్కున విరిగింది.

ఇంతవరకూ రాసి లేచి మంచినీళ్లు తాగొచ్చాను. మెకానిక్ వైపు నుంచి చూస్తే ఇంకోలా కూడా ఉంది. సీల్సు మాత్రమే మార్చి పంపితే, నెల తర్వాత ఇంకెక్కడి నుంచో పొగ వస్తే, మనం అతని షెడ్డు ముందు నిలబడి గొడవపడతాం. డబ్బులు తగ్గించమని బేరమాడేదీ మనమే, గ్యారంటీ అడిగేదీ మనమే. అన్నీ విప్పి అన్నీ మారిస్తే అతనికి మాట రాదు. 2002 బండి, ఏ భాగం ఎప్పుడు పోతుందో అతనికి మాత్రం ఏం తెలుసు. అతన్ని మోసగాడని అనలేను. కానీ ఒక్క ప్రశ్న అడగడానికి గ్యారంటీతో పనేముంది? ఇక్కడికొచ్చేసరికి మళ్లీ కోపమే వస్తోంది.

పని సంగతి. హెడ్డు దించలేదు. పిస్టన్ కిందుండగా ప్లగ్గు రంధ్రంలోంచి కొత్త నైలాన్ తాడు లోపలికి కుక్కి, క్రాంక్ పుల్లీ బోల్టుకి పానా వేసి చేత్తో మెల్లగా తిప్పితే, ఆ తాడు ముద్దయి వాల్వుల్ని కింద నుంచి పట్టుకుంటుంది, లోపలికి జారిపోవు. బట్టలారేసే తాడు ఇంజన్లో దూర్చడమేంటని అత్తయ్య ఒకటే గొణుగుడు. ఆయిల్ దిగే రంధ్రాల్లో ముందే గుడ్డలు కుక్కాం. స్ప్రింగు అదిమితే ఒక్కో వాల్వుకి రెండు కాటర్లు బయటికొస్తాయి, స్ప్రింగుని కాడకి పట్టి ఉంచే చిన్న ముక్కలు. ఒకటి ఎగిరి ఎటో పడింది. బుజ్జిగాడు మాగ్నెట్ పుల్లతో వెతికి "దొరికిందమ్మా" అన్నప్పుడు మాత్రం నిజంగా సంతోషమేసింది. కొత్త సీళ్లకి ఆయిల్ రాసి, సాకెట్‌తో నిటారుగా నొక్కి కూర్చోబెట్టాం. బిగించేటప్పుడు కాటర్లకి గ్రీజు అద్దితే కదలకుండా నిలిచాయి. ట్యాపెట్ల దగ్గర వాల్వులకి ఉండాల్సిన సందు సరిచేశాను.

సాయంత్రం స్టార్ట్ చేస్తే ఇంకా పొగ వచ్చింది. సైలెన్సర్లో చేరిన పాత ఆయిల్ కాలిపోవాలి, కొన్నాళ్లు తిరగాలి. నాకు అనుమానమున్నది మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు మీద. పైకీ కిందకీ బాగానే కదిలింది కానీ పక్కలకి కాస్త ఊగింది. వాల్వు కాడ కదిలే గొట్టం, గైడు, అరిగుంటే కొత్త సీలు కూడా ఎక్కువ కాలం నిలవదు. అది మార్చాలంటే హెడ్డు దించి లేతు పనివాళ్ల దగ్గరికి తీసుకెళ్లక తప్పదు. సంక్రాంతికి తమ్ముడొచ్చాక చూడాలి. అప్పటిదాకా వారం వారం ఆయిల్ పుల్ల తీసి, ఎంత దిగిందో క్యాలెండర్ మీద రాస్తాను.