కనుమ రోజు మా కేసరికి మూత్రం బిగిసిపోయింది

మగపిల్లి మలమూత్రాలకు పెట్టే ఇసుక పెట్టె, అంటే లిట్టర్ బాక్స్‌లోకి మాటిమాటికీ వెళ్లి కూర్చుంటుంటే ఇంట్లో ఎవరికైనా ముందు తోచేది మలబద్ధకమే. కూర్చునే తీరు అలాగే ఉంటుంది, ముక్కడమూ అలాగే ఉంటుంది. మా కేసరిని చూసి మా అత్తయ్య కూడా ఆ మాటే అన్నారు. "దానికి విరేచనం అవుతున్నట్టు లేదమ్మాయ్, కాస్త ఆముదం పట్టిద్దామా?" అని. వాడి బాధ చూడలేక అన్న మాట అది. "ఉండండి అత్తయ్యా, ముందు బాక్స్ చూస్తాను" అని స్కూప్ తీసుకుని ఇసుకంతా కెలికాను. పొద్దున వేసిన ఇసుక వేసినట్టే ఉంది. మూత్రం పడితే ఉండకట్టే ఇసుక అది, ఒక్క ఉండ కట్టలేదు. ఒక మూల మాత్రం శనగగింజంత తడి, దాని చుట్టూ లేత ఎరుపు.

కడుపులోంచి పోవాల్సింది ఒక పూట ఆగినా పర్వాలేదు. మూత్రం ఆగితే అలా కాదు. ఆ తేడా తెలియక పోగొట్టుకున్న పిల్లులు చాలా ఉన్నాయి, అందుకే ఇదంతా రాస్తున్నాను.

ఆ రోజు కనుమ. విజయవాడలో మా ఇల్లు చుట్టాలతో కిటకిటలాడుతోంది. కేసరికి అప్పటికి నాలుగేళ్లు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, ఒళ్లు కాస్త ఎక్కువే, తినేది ఎక్కువగా పొడి తిండే. భోగి ముందు నుంచే వాడు మంచం కింద నక్కి ఉంటున్నాడు. ఇంటి నిండా పిల్లల అరుపులు, కొత్త మనుషులు. పైగా వాడి బాక్స్ ఉన్న బాత్రూమ్ తలుపు సగం రోజు మూసే ఉండేది.

సాయంత్రానికి వరస మారింది. బాక్స్‌లోకి వెళ్లడం, కూర్చోవడం, తోక వణకడం, ఏమీ రాకుండానే లేచి బయటికి రావడం. వచ్చాక కాలు ఎత్తి కింద అదేపనిగా నాక్కోవడం. మళ్లీ అదే. మధ్యలో గొంతు లోపల్నుంచి సాగదీసి మూలిగేవాడు. వాడికి ప్రాణమైన ఉడికించిన చేప ముందు పెడితే ముఖం తిప్పేసుకున్నాడు. చీకటి పడ్డాక వాంతి చేసుకుని చల్లటి గచ్చు మీద పడుకుండిపోయాడు.

ముందు ఫోన్ చేసిన చోట, "పండగ కదండీ, రేపు పొద్దున తీసుకురండి, ఈలోగా కొబ్బరినీళ్లు పట్టండి" అన్నారు. ఇంకోచోటికి చేశాను. "మగపిల్లి, పొద్దున్నుంచి మూత్రం రాలేదు, ఇప్పుడు వాంతి చేసుకున్నాడు" అనగానే ఆ డాక్టరుగారు ఇంకేమీ అడగలేదు. "బయల్దేరండమ్మా, నేను వచ్చి క్లినిక్ తీస్తాను" అన్నారు. ఇంట్లో ఎవరో నొప్పికి పారాసిటమాల్ సగం బిళ్ల వేద్దామన్నారు, వద్దని గట్టిగా ఆపాను. పిల్లులకు పారాసిటమాల్ విషం. మనకు చిన్న మోతాదు అనిపించేది కూడా వాటి ప్రాణం తీస్తుంది.

డాక్టరుగారు పొట్ట కింద చెయ్యి పెట్టగానే తల ఊపారు. నా వేళ్లు కూడా మెల్లగా అక్కడ ఆనించి చూపించారు. చర్మం వెనక గట్టి బత్తాయి కాయలా తగిలింది బ్లాడర్, అంటే మూత్రాశయం. ఇంట్లో మనం అక్కడ నొక్కి చూడకూడదని, నిండిన బ్లాడర్ పగిలే ప్రమాదం ఉందని చెప్పారు. ఆడపిల్లుల్లో మూత్రనాళం పొట్టిగా, కాస్త వెడల్పుగా ఉంటుంది కాబట్టి మూసుకుపోవడం అరుదు. మగపిల్లుల్లో అది పొడుగు, చివరికి వచ్చేసరికి మరీ సన్నం. అక్కడ కాస్త జిగురు, దానికి అంటుకున్న ఇసుకలాంటి స్ఫటికాలు అడ్డం పడినా దారి మూసుకుపోతుంది. ఒక్కోసారి ఏదీ అడ్డం లేకపోయినా వాపు, కండరాల బిగువు వల్లే మూసుకుంటుందట.

నాకు భయం వేసింది మాత్రం గుండె చూసినప్పుడు. క్లినిక్‌లో బెదిరిన పిల్లి గుండె మామూలుగా నిమిషానికి 160కి పైనే కొట్టుకుంటుంది. కేసరిది 120 దగ్గర ఉంది. మూత్రంలో పోవాల్సిన పొటాషియం రక్తంలో పేరుకుని గుండెను నెమ్మదింపజేస్తోందన్నారు. రక్తపరీక్షలో అదే తేలింది, కిడ్నీలు బయటికి పంపాల్సిన క్రియాటినిన్ అనే వ్యర్థం కూడా బాగా పెరిగింది. కొబ్బరినీళ్ల నిండా ఉండేది ఆ పొటాషియమే. దారి పూర్తిగా మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లోనే పిల్లి ప్రాణం మీదికి వస్తుంది. "రేపు చూద్దాం" అనడానికి అందులో చోటు లేదు.

ముందు సెలైన్ పెట్టి, గుండెకు రక్షణగా కాల్షియం ఇంజెక్షన్ నెమ్మదిగా ఇచ్చారు. గుండె కాస్త కుదుటపడ్డాక మత్తిచ్చి మూత్రనాళంలోకి కాథెటర్ అనే సన్నటి గొట్టం వేశారు. మొదట వెళ్లలేదు. సెలైన్‌తో కొద్దికొద్దిగా కడుగుతూ, ఆగుతూ, మళ్లీ కడుగుతూ చాలాసేపు కష్టపడ్డారు. చివరికి తెల్లటి జిగురు ముద్ద ఒకటి ఊడి, వెనకాలే ఎర్రటి చిక్కటి మూత్రం ట్యూబ్‌లోకి దూకింది. మా ఆయన కళ్లు తుడుచుకోవడం నేను అప్పుడే చూశాను.

కాథెటర్‌ను కుట్టి, సంచి తగిలించి రెండు మూడు రోజులు అక్కడే ఉంచారు. అడ్డు తొలగగానే అయిపోయిందనుకుంటాం కానీ, ఆ తర్వాత కిడ్నీలు ఒక్కసారిగా విపరీతంగా మూత్రం వదులుతాయి. ఎంత పోతోందో కొలిచి దానికి తగ్గట్టు సెలైన్ ఎక్కించకపోతే ఒళ్లు ఎండిపోతుంది. క్రియాటినిన్ దిగింది, మూత్రం రంగు తేలింది, చేప వాసనకు తల ఎత్తాడు. కాథెటర్ తీసేశాక వాడంతట వాడు మూత్రం పోసేదాకా ఇంటికి పంపలేదు.

ఇంటికొచ్చిన మొదటి వారం నాకు నిద్ర లేదు. మళ్లీ మూసుకునే అవకాశం ఎక్కువగా ఉండేది ఆ రోజుల్లోనే. నొప్పి మందు, నాళం వదులయ్యే మందు వేళకు వేస్తూ, ఇసుకలో కట్టిన ప్రతి ఉండా చూసేదాన్ని. బాగున్న పిల్లి రోజుకు రెండు నుంచి నాలుగుసార్లు పోస్తుంది, ఉండలు పెద్దగా కడతాయి. చిన్నచిన్న ఉండలు ఎక్కువయ్యాయంటే లోపల మంట ఉన్నట్టు. అసలే లేవంటే వెంటనే బండి తీయాలి.

వాడి మూత్రంలో కనిపించినవి స్ట్రువైట్ అనే రకం స్ఫటికాలు. వీటిని కరిగించే తిండి ఉంది, డాక్టరు రాసిచ్చారు, దాంతో వేరేదేదీ కలపొద్దన్నారు. కాల్షియం ఆక్సలేట్ అనే ఇంకో రకం రాళ్లు అలా కరగవు, కాబట్టి పక్కింటి పిల్లికి రాసిన తిండి మన పిల్లికి పెట్టకూడదు. తిండిలో అన్నిటికంటే ముఖ్యం నీళ్లు. పొడి తిండిలో నీటి శాతం 10 దగ్గర ఉంటే, తడి తిండిలో 75 నుంచి 80 దాకా ఉంటుంది. తడి తిండికి మార్చి, దాంట్లో ఇంకాస్త గోరువెచ్చటి నీళ్లు కలుపుతున్నాం. గదికో వెడల్పాటి గిన్నె పెట్టాం. విజయవాడ ఎండల్లో రోజుకు రెండుసార్లు ఆ నీళ్లు మార్చే పని అత్తయ్య తీసుకున్నారు.

యాంటీబయాటిక్ ఇవ్వరా అని నేనే అడిగాను. ఈ వయసు మగపిల్లుల్లో ఇన్ఫెక్షన్ వల్ల ఇలా కావడం తక్కువట. చాలావాటిలో టెన్షనే బ్లాడర్ వాపు తెస్తుందన్నారు. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో టోనీ బఫింగ్టన్ అనే వెటర్నరీ డాక్టరు ఏళ్ల తరబడి దీని మీదే పనిచేశారు. పిల్లికి దాక్కునే చోటు, ఎక్కి కూర్చునే చోటు, వేళకు తిండి, ఆట ఉంటే ఈ జబ్బు తగ్గుముఖం పడుతుందని చూపించారు. ఇప్పుడు కేసరికి రెండు బాక్సులు, ఒకటి మేడ మీది గదిలో. పండగకు చుట్టాలు వచ్చే ముందే వాణ్ణి ఆ గదికి మార్చేస్తాం, పిల్లల్ని పైకి రానివ్వం.

కొన్ని నెలలకు పక్క ఇంట్లో స్లాబు పనులు మొదలై డ్రిల్లింగ్ మోత వచ్చినప్పుడు మళ్లీ చిన్న ఉండలు, మళ్లీ లేత ఎరుపు. గంటలో క్లినిక్‌లో ఉన్నాం. ఈసారి బ్లాడర్ చిన్నగా, మెత్తగా ఉంది, దారి మూసుకోలేదు. నొప్పి మందుతో వారం లోపే సర్దుకుంది. మాటిమాటికీ మూసుకుపోయే పిల్లులకు ఆ సన్నటి చివరి భాగం తీసేసి దారి వెడల్పు చేసే ఆపరేషన్ ఉందని, అవసరమైతే అది చేయించుకోవచ్చని డాక్టరుగారు చెప్పారు. అది చేసినా బ్లాడర్ వాపు రాకుండా ఆపలేదట, తిండి, నీళ్ల జాగ్రత్తలు ఎలాగూ తప్పవట. కేసరికి ఇప్పటివరకూ ఆ అవసరం రాలేదు. దానికోసం కొంత డబ్బు మాత్రం విడిగా పెట్టుకున్నాం.