బోల్డ్ చేస్తే హెడింగ్ అయిపోదు

అమెరికా యూనివర్సిటీల్లో ఆన్‌లైన్ కోర్సుల విభాగంలో చేరే మన ఇంజనీర్లకు పని మొదట్లో చాలా తేలిగ్గా కనిపిస్తుంది. జావాస్క్రిప్ట్ రాసిన చేతికి కాన్వాస్, మూడుల్ లాంటి కోర్సు సాఫ్ట్‌వేర్లలో నాలుగు పేరాలు పెట్టడం ఒక లెక్కా? వైకల్యం ఉన్న విద్యార్థులు కూడా పేజీని వాడుకోగలరా అని చూసే మొదటి ఆడిట్ రిపోర్టు వచ్చాక సంగతి తెలుస్తుంది. తప్పుల్లో ఎక్కువ భాగం కోడ్‌లో ఉండవు, ప్రొఫెసర్ పంపిన వర్డ్ ఫైలు నుంచి తెచ్చి అతికించిన ఆ నాలుగు పేరాల్లోనే ఉంటాయి.

పేజీ అందరికీ అందేలా చేయడం అక్కడ దయతో చేసే పని కాదు, చట్టం. 1973 నాటి రిహాబిలిటేషన్ చట్టంలో 504వ సెక్షన్, 1990 నాటి ఏడీఏ (అమెరికన్స్ విత్ డిజబిలిటీస్ యాక్ట్), వైకల్యం ఉన్నవాళ్ళపై వివక్షని నిషేధించే ఈ రెండూ వర్తిస్తాయి. 2024 ఏప్రిల్‌లో అక్కడి న్యాయశాఖ రాష్ట్ర, స్థానిక ప్రభుత్వ సంస్థల వెబ్‌పేజీలకు డబ్ల్యూసీఏజీ (వెబ్‌పేజీలు అందరికీ అందేలా చేసే అంతర్జాతీయ మార్గదర్శకాలు) 2.1, ఏఏ స్థాయిని ప్రమాణంగా పెట్టింది. ప్రభుత్వ యూనివర్సిటీలు దాని కిందికే వస్తాయి. పాస్‌వర్డ్ వెనక ఉండే కోర్సు పేజీ కూడా అంతే.

అన్నిటికంటే ముందు చూడాల్సింది హెడింగులు. చూపు లేని విద్యార్థి పేజీని పైనుంచి కిందికి వినడు. తెరమీద ఉన్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్‌లో ‘హెచ్’ మీట నొక్కుతూ ఒక హెడింగు నుంచి ఇంకో హెడింగుకు దూకుతాడు. ప్రొఫెసర్ ‘3వ వారం’ అన్న మాటని 18 సైజులో బోల్డ్ చేసి వదిలేస్తే కంటికి అది హెడింగే. స్క్రీన్ రీడర్‌కి మాత్రం మామూలు పేరా. ‘హెచ్’ నొక్కితే ఏమీ దొరకదు. కాన్వాస్‌లో పేజీ పేరే మొదటి స్థాయి హెడింగు కాబట్టి లోపల రెండో స్థాయి నుంచి మొదలుపెట్టాలి. అక్షరాల సైజు ముచ్చటగా ఉందని రెండు నుంచి నాలుగుకి దూకకూడదు. సైజు కావాలంటే అది స్టైల్ షీటు (పేజీ రూపాన్ని నిర్ణయించే ఫైలు) చూసుకుంటుంది.

వర్డ్ నుంచి నేరుగా అతికిస్తే దాని ఫాంట్లు, రంగులు, ఖాళీ పేరాలు అన్నీ వెంట వస్తాయి. కంట్రోల్, షిఫ్ట్, వి కలిపి నొక్కి ఉత్త అక్షరాలు మాత్రమే దించి, హెడింగులు, జాబితాలు ఎడిటర్‌లోనే మళ్ళీ పెట్టుకోవడం మేలు. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది కానీ తర్వాత గంటల కొద్దీ ఏరుకునే పని తప్పుతుంది. ప్రతి వారం పేజీకీ వరస ఒకటే ఉండాలి: ఏం నేర్చుకోవాలి, ఏం చదవాలి, ఏం చూడాలి, ఏం అప్పగించాలి. ఈ వారం పైన, వచ్చే వారం కింద అని మారిస్తే చూపున్నవాళ్ళూ తికమకపడతారు.

లింకులదీ ఇదే గొడవ. ఒక పేజీలో పన్నెండు ‘ఇక్కడ నొక్కండి’లు ఉంటే, స్క్రీన్ రీడర్‌లో లింకుల జాబితా తెరిచినవాడికి పన్నెండు సార్లు అదే మాట వినిపిస్తుంది. ‘రెండో ల్యాబ్ సూచనలు, పీడీఎఫ్’ అని రాస్తే ఎటు పోతున్నదీ ముందే తెలుస్తుంది.

రంగుల దగ్గర కంటిని నమ్మొద్దు, లెక్కని నమ్మాలి. మామూలు అక్షరాలకీ వెనక రంగుకీ మధ్య కనీసం 4.5:1 తేడా (కాంట్రాస్ట్) ఉండాలి. అక్షరాలు కనీసం 18 పాయింట్లు, లేదా బోల్డ్‌లో కనీసం 14 పాయింట్లు ఉంటే 3:1 చాలు. తెల్లటి పేజీ మీద #767676 బూడిద రంగు 4.54తో గట్టెక్కుతుంది. #777777 అయితే 4.48, తప్పినట్టే. యూనివర్సిటీ వాళ్ళ అధికారిక పసుపు రంగు తెలుపు మీద దాదాపు ఎప్పుడూ నెగ్గదు. బ్రాండ్ విభాగంతో వాదన పెట్టుకునే బదులు ఆ పసుపుని అంచుకి వాడి, అక్షరాలు నల్లగా ఉంచితే సరి. ఇక ‘ఎర్రగా ఉన్నవి తప్పనిసరి’ అని రాసే అలవాటు ఉంది. రంగు కనపడనివాడికి అది ఖాళీ వాక్యం. ‘తప్పనిసరి’ అన్న మాటే పక్కన రాయాలి.

పేజీని రెండు నిలువులుగా అమర్చడానికి టేబుల్ వాడితే 400 శాతం పెద్దది చేసినప్పుడు బండారం బయటపడుతుంది. 1280 పిక్సెళ్ళ తెర అప్పుడు 320 వెడల్పుకి కుదించుకుపోతుంది, ప్రతి వాక్యానికీ పక్కకి జరపాల్సి వస్తుంది. టేబుల్ నిజంగా అంకెలకే ఉండాలి. పై వరస హెడర్ అని గుర్తు పెట్టాలి, గడులు కలపకూడదు.

స్కాన్ చేసిన పీడీఎఫ్ అసలు శత్రువు. పరీక్ష చాలా సులువు: మౌస్‌తో ఒక వాక్యాన్ని ఎంచుకుని చూడండి. ఎంపిక కాకపోతే అవి అక్షరాలు కాదు, ఫోటో. ఓసీఆర్ (ఫోటోలోని అక్షరాలని గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్) వాడితే అక్షరాలు వస్తాయి గానీ హెడింగులు, చదివే వరస సరిగ్గా రావు. రెండు నిలువుల వ్యాసాన్ని స్క్రీన్ రీడర్ ఒక్కోసారి అడ్డంగా చదివేస్తుంది. లైబ్రరీలో అదే వ్యాసానికి వెబ్ రూపం ఉందేమో ముందు అడగాలి. గ్రాఫుకి ‘అమ్మకాల గ్రాఫు’ అని ఆల్ట్ టెక్స్ట్ (బొమ్మకి బదులు స్క్రీన్ రీడర్ చదివే వివరణ) రాసి ఊరుకుంటే దండగ. అది ఏం చెబుతోందో అక్కడ రాసి, అంకెలు కింద టేబుల్‌లో ఇవ్వాలి. సమీకరణాలు స్క్రీన్‌షాట్లుగా వద్దు, ఈక్వేషన్ ఎడిటర్‌లో పెట్టాలి.

వీడియోల ఆటోమేటిక్ క్యాప్షన్లు యాస దగ్గర, సాంకేతిక పదాల దగ్గర తడబడతాయి. మనలాంటి యాసతో చెప్పే అధ్యాపకుల వీడియోలు రెండోసారి చూడక తప్పదు. ఒక ‘నాట్’ (కాదు) ఎగిరిపోతే సూత్రం తలకిందులవుతుంది. ‘ఇదిగో, ఇది ఇక్కడికి పోతుంది’ అని బాణం గుర్తుతో చూపించే బదులు పేర్లు నోటితో చెప్పమని రికార్డింగుకి ముందే అడగాలి. తర్వాత వర్ణన జోడించడం ఖర్చు.

మనకి త్వరగా తట్టేది, అక్కడివాళ్ళకి తట్టనిది ఒకటుంది: తేదీలు. 03/04 అంటే అమెరికాలో మార్చి 4, మిగతా చాలా దేశాల్లో ఏప్రిల్ 3. నెల పేరు అక్షరాల్లో రాయాలి. ‘రాత్రి 11:59’ పక్కన ఏ టైమ్ జోనో కూడా ఉండాలి. ఈస్టర్న్ టైమ్‌లో ఆ గడువు ఇండియాలో ఉన్న విద్యార్థికి మర్నాడు ఉదయం 9:29. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారం మారాక అదే 10:29.

వేవ్, యాక్స్ లాంటి తనిఖీ పరికరాలు ఆల్ట్ టెక్స్ట్ ఉందా లేదా చెబుతాయి. అది అర్థవంతమా కాదా చెప్పలేవు. కాబట్టి మౌస్ పీకేసి ట్యాబ్ మీటతో పేజీ మొత్తం తిరగాలి. ఎక్కడున్నామో తెరమీద కనిపించాలి, ఎక్కడా ఇరుక్కోకూడదు. లాగి వదిలే క్విజ్‌లు ఇక్కడే దొరికిపోతాయి.

ప్రొఫెసర్లని పేరు పెట్టి పిలిచే చోట కూడా మనవాళ్ళు వాళ్ళ తప్పు ఎత్తిచూపడానికి జంకుతారు. నియమాల నంబర్లు చదివితే వాళ్ళకీ విసుగే. వాళ్ళ పేజీనే తెరిచి, స్క్రీన్ రీడర్ ఆన్ చేసి, మానిటర్ ఆపేసి, ఈ వారం అసైన్‌మెంట్ ఎక్కడుందో వెతకమనండి. రెండు నిమిషాలు చాలు. ఇది చేయాల్సింది టర్మ్ మొదలయ్యే ముందు వారం కాదు, కనీసం రెండు నెలల ముందు.

తర్వాతి టర్మ్‌కి కోర్సు కాపీ చేసినప్పుడు పేజీలు బాగానే వస్తాయి. ప్రకటనల్లో కొత్తగా అతికించే పోస్టరు బొమ్మలు, లోపలున్న తేదీ, గది నంబరు ఎక్కడా అక్షరాల్లో లేకుండా, మళ్ళీ మొదటికి తెస్తాయి. వారానికోసారి ప్రకటనల పేజీ తెరిచి చూడాలి.