ఫోన్లో బోర్డర్ లేదు గానీ పరీక్షలో ఉంది

ఆన్‌లైన్ చదువుల వల్ల పిల్లలు పాడైపోతున్నారని హైదరాబాద్‌లో ఉండే మా తోడల్లుడు ఫోన్ చేసినప్పుడల్లా అంటాడు. ఆయనకేం, వీధికో ట్యూషన్ ఉంది. మేముండేది ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు దగ్గరున్న పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బజార్లో సగం తెలుగు సగం ఒడియా, బళ్ళో ఒడియానో ఇంగ్లీషో. గిడుగు రామ్మూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరే ఇది, కానీ ఇవాళ పదో తరగతి సైన్సు తెలుగులో చెప్పే మాస్టారు కావాలంటే వెతుక్కోవాలి. ఆంధ్రలోని పాతపట్నం పక్కనే, ఆటో ఎక్కితే వచ్చేస్తుంది, కానీ అక్కడ బోర్డు వేరు, పుస్తకం వేరు.

మా అక్క కూతురు ఒడియా మీడియంలో పదో తరగతి చదువుతోంది. బళ్ళో చెప్పింది రాసుకుంటుంది, బట్టీ పడుతుంది, అర్థం మాత్రం ఇంటికొచ్చాకే. బడి పాఠాల కోసం 2017లో కేంద్రం పెట్టిన దీక్ష యాప్ ఉంది కదా, అందులో ముందు బోర్డు, మీడియం, క్లాసు ఎంచుకోమంటుంది. మేం ఒకసారి ఆంధ్ర, తెలుగు అని పెట్టి చూస్తాం, మళ్ళీ ఒడిశా, ఒడియా అని మార్చి అదే పాఠం చూస్తాం. వైఫై దొరికినప్పుడు డౌన్‌లోడ్ చేసుకుంటే తర్వాత నెట్ లేకపోయినా నడుస్తుంది. ఇది మాకు ఎంత పెద్ద వసతో సిటీ వాళ్ళకి చెప్పినా ఎక్కదు. విద్యుత్ పాఠం తెలుగులో విన్నాక ఆ పిల్ల "ఓస్ ఇంతేనా మావయ్యా" అంది, బళ్ళో అదే పాఠం అయిపోయి అప్పటికి చాన్నాళ్ళయింది.

పెద్ద చదువులకైతే ఇంకా నయం. ఐఐటీలు కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ కోర్సుల పాఠాలు ఎవరైనా ఊరికే చూడొచ్చు, సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు కట్టి సెంటర్‌కి వెళ్ళి పరీక్ష రాయాలి, మార్కుల్లో నూటికి 75 ఆ పరీక్షవే. ఆ పద్ధతి నాకు నచ్చింది, వీడియో పెట్టేసి పక్కన పడుకున్నోడికి సర్టిఫికెట్ రాదు.

ఇక రెండో వైపు.

2020లో బళ్ళు మూసేసినప్పుడు పాఠాలన్నీ వాట్సాప్‌లోకి వచ్చేశాయి, బానే ఉంది, మరి ఫోన్ ఎవరి దగ్గరుంది? 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో పల్లెల్లో ఇంటర్నెట్ ఉన్న ఇళ్ళు నూటికి 15 మాత్రమే. మా జిల్లాలో గుమ్మ, మోహన వైపు కొండల్లో ఉండే సవర గిరిజన పిల్లల సంగతి ఇక చెప్పక్కర్లేదు. ఒడిశా ప్రభుత్వం 2020 సెప్టెంబర్‌లో రేడియోలో కూడా పాఠాలు మొదలుపెట్టింది, మంచి పనే. పక్కనున్న రాయగడ జిల్లాలో 2021 ఆగస్టులో ఒక కుర్రాడు ఆన్‌లైన్ క్లాసుకి సిగ్నల్ కోసం గుట్ట ఎక్కి, అక్కణ్ణుంచి పడి చనిపోయాడు. పదమూడేళ్ళు. ఆన్‌లైన్ చదువు లాభాలు ఎవరైనా గుక్క తిప్పుకోకుండా చెప్తుంటే నాకు ఆ కుర్రాడే గుర్తొస్తాడు.

ఇప్పుడు సిగ్నల్ పర్లేదు, ఫోన్లూ పెరిగాయి, కానీ అసలు తంటా అలాగే ఉంది. ఫోన్లో చెప్పే మాస్టారికి ఎదుటి పిల్ల మొహం కనపడదు. బళ్ళో అయితే బుర్ర ఊపినా కళ్ళు తెల్లబోతే సారుకి తెలిసిపోతుంది, "ఏటే, ఎక్కలేదా" అని మళ్ళీ చెప్తాడు. ఇక్కడ పిల్ల వీడియో ఆపి వెనక్కి జరపాలి, జరపాలంటే తనకి ఎక్కడ అర్థం కాలేదో ముందు తనకే తెలియాలి కదా, అది తెలిసిన పిల్లకి సగం పాఠం వచ్చేసినట్టే. అందుకే చదివే పిల్లలు దీంతో ఇంకా పైకి పోతున్నారు, వెనకబడ్డోళ్ళు వెనకే ఉంటున్నారు. పైగా పాఠం అయ్యాక వేలు ఊరుకోదు, రీల్స్ మీదకి పోతుంది, పెద్దోళ్ళం మనమే ఆపుకోలేం. ఇక ట్యూషన్ యాప్‌ల వాళ్ళు ఫోన్ చేసి ఈఎంఐలో కోర్సు అంటగట్టే తీరు చూస్తే కూరగాయల సంతే నయం, అక్కడ కనీసం బేరం ఆడొచ్చు.

అన్నిటికన్నా తమాషా డాక్టరు చదువు సీట్ల కోసం రాసే నీట్‌ది. పరీక్ష 13 భాషల్లో పెడతారు, అందులో తెలుగూ ఉంది ఒడియా కూడా ఉంది. కానీ తెలుగు పేపర్ కావాలంటే సెంటర్ ఆంధ్రలోనో తెలంగాణలోనో ఉండాలి, ఒడియా పేపర్ అయితే ఒడిశాలో. అంటే ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్లో తెలుగులో ప్రిపేర్ అయిన పిల్ల, తెలుగులో రాయాలంటే బోర్డర్ దాటి వెళ్ళాల్సిందే. పదో తరగతికి మా పిల్లకి ఆ దారి కూడా లేదు, ఒడియా మీడియం కాబట్టి ఒడియాలోనే రాయాలి.

అందుకని మా ఇంట్లో వరస మార్చాం. ముందు బడి పుస్తకం ఒడియాలో చదవాలి, ఆగిపోయిన చోట మాత్రమే తెలుగు వీడియో, తర్వాత ఫోన్ నాకిచ్చేసి ఒడియాలో జవాబు రాసి చూపించాలి. నాకు ఒడియా రాత అంతంత మాత్రం, అయినా ఎవరో ఒకరు చూస్తారని తెలిస్తేనే పిల్ల రాస్తుంది.

వచ్చే ఏడు ప్లస్ టూ. మా బావ విశాఖలో హాస్టల్ అంటున్నాడు, నేనేమో ఇక్కడే కాలేజీలో చేర్చి మిగతాది ఆన్‌లైన్లో అంటున్నాను. ఆయన్ని ఒప్పించే పని మాత్రం మా అక్కదే, ఆవిడ ఇంకా ఎటూ తేల్చలేదు.