అప్‌గ్రేడ్ రాత్రి క్రాన్ జాబ్‌లు ఆపడం: నా అనుభవం

కర్నూలులో ఒక మందుల హోల్‌సేల్ సంస్థకు సర్వర్లు చూసుకుంటాను. రెండే సర్వర్లు, రెండింట్లోనూ ఉబుంటు (ఒక రకం లినక్స్). బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ ఎక్కించాలంటే కౌంటర్ మూశాక, రాత్రి 10 దాటాకే కుదురుతుంది. ఆ టైములో క్రాన్ జాబ్‌లు మధ్యలో లేవకుండా ఆపాలి. క్రాన్ అంటే చెప్పిన టైముకు పనులను తనంతట తానే నడిపే ప్రోగ్రాం, ఆ పనులే జాబ్‌లు, వాటి జాబితా క్రాన్‌ట్యాబ్.

మొదటిసారి రూట్ (సర్వర్ అడ్మిన్ యూజర్) క్రాన్‌ట్యాబ్ తెరిచి, అందులోని లైన్లన్నింటి ముందూ హ్యాష్ గుర్తు పెట్టాను, అలా పెట్టిన లైన్లను క్రాన్ పట్టించుకోదు. ఇక జాబ్‌లన్నీ ఆగినట్టే అనుకుని, బిల్లింగ్ సర్వీసు ఆపి, డేటాబేస్ టేబుళ్లు మార్చే స్క్రిప్టు మొదలుపెట్టాను. సగం టేబుళ్లు మారాయో లేదో, ఎర్రర్లు వరస కట్టాయి. చూస్తే నేను ఆపిన సర్వీసు మళ్లీ నడుస్తోంది! లాగ్‌లో 10:35కి స్టార్ట్ అయినట్టుంది. ఆపాను. 10:40కి మళ్లీ లేచింది. ఆ అయిదు నిమిషాల లెక్క చూశాక విషయం వెలిగింది. సర్వీసు పడిపోతే లేపడానికి ఎప్పుడో పెట్టిన చిన్న స్క్రిప్టు అది. రూట్ పేరున కాదు, బిల్లింగ్ యూజర్ పేరున ఉంది. యూజర్‌కో క్రాన్‌ట్యాబ్ ఉంటుందని తెలిసి కూడా నేను అటు చూడలేదు. పాత ప్రోగ్రాం సగం మారిన టేబుళ్లలో రాసేసింది. బ్యాకప్ రిస్టోర్ చేసేసరికి తెల్లవారుజామున 4 అయింది. ఆ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేను.

నాకు పని నేర్పిన అన్నకు ఫోన్ చేశాను. "లైన్లు ఒక్కొక్కటీ మూయడం దేనికి? క్రాన్ సర్వీసునే ఆపు. ఆపాక కూడా ఏం నడుస్తోందో చూడు" అన్నాడు.

వారం తర్వాత మళ్లీ కూర్చున్నాను. ముందుగా యూజర్లందరి క్రాన్‌ట్యాబ్‌లూ ఫైళ్లలోకి కాపీ తీసుకున్నాను. ఇది తప్పకుండా చేయాలి. క్రాన్‌ట్యాబ్ కమాండ్‌లో ఎడిట్ చేసే 'ఈ', మొత్తం చెరిపేసే 'ఆర్' అక్షరాలు కీబోర్డు మీద పక్కపక్కనే ఉంటాయి, చెరిపే ముందు అది అడగను కూడా అడగదు. తర్వాత క్రాన్ ఆపాను. అయినా 10 గంటలకే మొదలైన స్టాక్ రిపోర్టు ప్రాసెస్ లిస్టులో కనబడుతూనే ఉంది. క్రాన్ ఆపితే కొత్త జాబ్‌లు మొదలవవు గానీ, అప్పటికే నడుస్తున్నవి ఆగవు. దాన్ని చంపడానికి మనసొప్పలేదు, పూర్తయ్యేదాకా ఆగాను.

క్రాన్‌లాగే టైముకు పనులు నడిపేవి ఇంకొన్ని ఉన్నాయి, సిస్టమ్‌డీ టైమర్లు. వాటికి క్రాన్‌తో సంబంధం లేదు. ఉబుంటు రోజువారీ అప్‌డేట్లు వాటి మీదే నడుస్తాయి. ఇన్‌స్టాల్ మధ్యలో అవి లేస్తే ప్యాకేజీ లాక్ (ఒకసారికి ఒక్కరే ఇన్‌స్టాల్ చేయనిచ్చే తాళం) దొరకదు, అందుకే వాటినీ ఆపాను. మధ్యలో ఒకసారి రీబూట్ చేయాల్సి ఉంది. ఊరికే ఆపితే క్రాన్, టైమర్లు రీబూట్‌తో తిరిగి మొదలవుతాయి కాబట్టి మాస్క్ చేశాను, అంటే మాస్క్ తీసేదాకా అవి స్టార్ట్ కాకుండా చేశాను.

ఇన్‌స్టాల్ 12:20కి అయిపోయింది. మాస్క్ తీసి, క్రాన్, టైమర్లు స్టార్ట్ చేసి, కాపీ తీసిన ఫైళ్లతో క్రాన్‌ట్యాబ్‌లను లైను లైనూ పోల్చాను. 11:30 బ్యాకప్ టైము దాటిపోయింది. దాటిపోయిన జాబ్‌ను క్రాన్ తనంతట తాను నడపదు, దాన్ని చేత్తో నడిపించాను.

పొద్దున ఉగ్గాని తింటుంటే గోడౌన్ నుంచి ఫోన్ వచ్చింది. 7 గంటల స్టాక్ రిపోర్టు టైముకే అందిందట.