సట్టన్ హూ: ఇసుకలో మిగిలిన ఓడ

లండన్ లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్‌లో రైలెక్కి ఇప్స్‌విచ్‌లో దిగి, అక్కడ చిన్న రైలు పట్టుకుంటే మెల్టన్ అనే పల్లెటూరి స్టేషన్ వస్తుంది. అక్కడి నుంచి డెబెన్ నది మీది విల్ఫర్డ్ వంతెన దాటి, గట్టు ఎక్కుతూ నడిస్తే సట్టన్ హూ. కారులో నేరుగా గేటు దాకా పోవచ్చు గానీ నడిచి వెళ్ళడమే మంచిదని నా అభిప్రాయం. దాదాపు 1,400 ఏళ్ళ క్రితం ఒక గొప్పవాడిని ఓడలో ఉంచి పాతిపెట్టడానికి, నిండు ఓడను ఈ నదిలోంచి పైకి లాగి, ఈ గట్టు మీదికే ఈడ్చుకొచ్చారు. ఆ ఎత్తు ఎంతో మన కాళ్ళకు తెలియాలి.

నాతో మా అక్క కూతురు వచ్చింది. లండన్‌లో సివిల్ ఇంజనీరింగ్ చదువుతోంది. పుట్టలు, గుట్టలు, పునాదులు, మట్టి స్వభావం అంటే తనకు ఆసక్తి. నాకు చరిత్ర. ఇద్దరికీ సరిపోయే చోటు ఇంతకన్నా దొరకదు.

రోమన్లు బ్రిటన్‌ను వదిలి వెళ్ళిన తరువాత, అంటే ఐదో శతాబ్దం నుంచి, నేటి జర్మనీ, డెన్మార్క్, నెదర్లాండ్స్ తీరాల నుంచి జనం సముద్రం దాటి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. వీరినే ఆంగ్లో-శాక్సన్లు అంటారు. తొలి రెండు వందల ఏళ్ళలో వాళ్ళు రాసి పెట్టింది దాదాపు ఏమీ లేదు. ఇళ్ళు కర్రతో కట్టుకున్నారు కాబట్టి అవీ మిగల్లేదు. అందువల్ల వాళ్ళ గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం శ్మశానాల నుంచి వచ్చిందే. పక్క జిల్లా నార్ఫోక్‌లోని స్పాంగ్ హిల్‌లో రెండు వేలకు పైగా అస్థికల కుండలు దొరికాయి. సట్టన్ హూ సంగతి వేరు. ఇది రాజుల శ్మశానం.

మొదటి చూపుకు కనిపించేది గడ్డి కప్పిన గుండ్రటి దిబ్బలు. మొత్తం పద్దెనిమిది దాకా ఉన్నాయి. శతాబ్దాల తరబడి నాగళ్ళు దున్నడం వల్ల చాలావరకు అణగారిపోయాయి. రెండో దిబ్బను మాత్రం తవ్వకాల తరువాత మొదట ఉన్న ఎత్తుకు మళ్ళీ పేర్చారు. నది మీద పోయేవారికి ఈ దిబ్బలు ఎంత ఘనంగా కనిపించేవో దాన్ని చూస్తేనే అర్థమవుతుంది. 2021లో తెరిచిన పదిహేడు మీటర్ల గోపురం ఎక్కితే దిబ్బలన్నీ, వాటి వెనక డెబెన్ నది, అవతల ఉడ్‌బ్రిడ్జ్ ఊరు ఒకే చూపులో కనిపిస్తాయి.

మేం వెళ్ళిన గుంపును నడిపించిన పెద్దాయన స్వచ్ఛందంగా పనిచేస్తున్నారు. ఆయన బంగారం ఊసెత్తక ముందే అందరినీ ఒకటో దిబ్బ పక్కన నిలబెట్టి, కింద ఇసుక చూడమన్నారు. కాస్త పసుపు, కాస్త గోధుమ రంగు కలిసిన సన్నటి ఇసుక.

"పిన్నీ, ఇది ఆమ్ల గుణం ఉన్న నేల. నీళ్ళు ఇట్టే కిందికి ఇంకిపోతాయి. ఇందులో ఎముక నిలవదు, చెక్క నిలవదు," అంది మా అమ్మాయి నెమ్మదిగా.

ఒకటో దిబ్బ కథంతా ఆ రెండు మాటల్లో ఉంది.

ఈ భూమి ఈడిత్ ప్రెట్టీ అనే సంపన్న వితంతువుది. తన ఇంటికి దగ్గర్లోని దిబ్బల్లో ఏముందో తెలుసుకోవాలని ఆమె 1938లో బేసిల్ బ్రౌన్‌ను పిలిపించింది. ఆయన పన్నెండేళ్ళకే బడి మానేసిన రైతుకూలీ. ఖగోళం, భాషలు, పురావస్తు శాస్త్రం అన్నీ సొంతంగా నేర్చుకున్నాడు. ఇప్స్‌విచ్ మ్యూజియం తరఫున చిన్నచిన్న తవ్వకాలు చేసేవాడు. వారానికి ముప్పై షిల్లింగుల కూలీకి ఈ పనిలో చేరాడు. ఆ ఏడాది మూడు దిబ్బలు తెరిచాడు. మూడింటినీ దొంగలు ఎప్పుడో దోచేశారు. మరుసటి ఏడాది మే నెలలో అన్నిటికన్నా పెద్దదైన ఒకటో దిబ్బ మీద పార వేశాడు.

మే 11న, సాయం చేస్తున్న తోటమాలి జాన్ జేకబ్స్‌కు తుప్పు పట్టిన ఇనుప రివెట్, అంటే ఓడ పలకలను బిగించే మేకు, ఒకటి దొరికింది. ఇంకొకరైతే దాన్ని బయటికి తీసి పక్కన పెట్టేవారు. బ్రౌన్ వెంటనే పని ఆపించాడు. ఇక్కడికి దగ్గర్లోని స్నేప్‌లో 1862లో బయటపడిన ఓడ సమాధి రివెట్లు ఎలా ఉంటాయో ఆయన అంతకు ముందే ఆల్డ్‌బరాలో చూసి ఉన్నాడు. చేతి పనిముట్లతో, బ్రష్‌తో చుట్టూ ఇసుక తీస్తూ వెళ్ళాడు. ఒక రివెట్, కొంచెం ఎడంగా మరొకటి, ఆ పక్కన ఇంకొకటి. ఏ ఒక్కదాన్నీ కదల్చలేదు. ఓడ పలకలు కుళ్ళి ఎన్నో వందల ఏళ్ళయింది. వాటి చోట రంగు మారిన, గట్టిపడిన ఇసుక పొర మాత్రమే మిగిలింది. ఆ పొరను చెదరగొట్టకుండా లోపలి ఇసుకను మాత్రమే తీసేస్తే, చెక్క ఒక్క ముక్క లేకుండా ఓడ మొత్తం నేలలో నిలిచింది. పొడవు 27 మీటర్లు. వంగిన పక్కలు, అడ్డబద్దలు, ముక్కు అన్నీ ఇసుకలోనే స్పష్టంగా తెలుస్తున్నాయి.

ఆ 1939 ఫొటోలు ఈ ఆవరణలోని ట్రాన్మర్ హౌస్‌లో చూడవచ్చు. ఈడిత్ ప్రెట్టీ నివసించిన ఇల్లు అదే. సెలవుల్లో వచ్చిన ఇద్దరు ఉపాధ్యాయినులు, మెర్సీ లాక్, బార్బరా వాగ్‌స్టాఫ్, వందల కొద్దీ ఫొటోలు తీశారు. కొన్ని రంగుల్లో కూడా ఉన్నాయి. ఒక దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. ఓడ పక్కల వెంబడి చుక్కలు చుక్కలుగా రివెట్ల వరసలు. మధ్యలో ఒకతను కింద కూర్చుని ఉంటే, అతని పక్కన ఓడ అంచు భుజం దాకా లేచి ఉంది. చెక్క ఉన్న ఓడలు యూరప్‌లో మరికొన్ని ఉన్నాయి. చెక్క పోయాక కూడా ఒక మనిషి ఓపికతో నిలబెట్టిన ఓడ ఇది. నా దృష్టిలో ఆ నిధి కన్నా ఈ తవ్విన తీరే గొప్పది.

విషయం బయటకు పొక్కాక కేంబ్రిడ్జ్ నుంచి పురావస్తు శాస్త్రవేత్త చార్లెస్ ఫిలిప్స్ వచ్చి పెత్తనం తీసుకున్నాడు. శిక్షణ పొందినవారి బృందం ఓడ మధ్యలోని సమాధి గదిని తవ్వింది. మొదటి బంగారం జులై 21న పెగ్గీ పిగ్గట్ చేతికి దొరికింది. అది కత్తి ఒరకు చెందిన చిన్న పిరమిడ్ ఆకారపు అలంకారం. బ్రౌన్‌ను పక్కకు నెట్టారు. చాలా ఏళ్ళపాటు ప్రదర్శనల్లో ఆయన పేరు కూడా కనబడలేదు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ మనసు కష్టపెట్టుకుంటాను. నేడు ఇక్కడ ఏ మూలకు వెళ్ళినా ఆయన పేరు ముందుంటుంది. ఆలస్యమైనా న్యాయం జరిగింది.

ఆగస్టు 14న సట్టన్ గ్రామ భవనంలో విచారణ జరిగింది. నిధి ఈడిత్ ప్రెట్టీదేనని తీర్పు వచ్చింది. ఆమె దాన్నంతా బ్రిటిష్ మ్యూజియానికి దానం చేసింది. ఇరవై రోజులకే రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. వస్తువులు లండన్ ఆల్డ్‌విచ్ భూగర్భ రైలు సొరంగంలో తలదాచుకున్నాయి. ఇక్కడ ఖాళీగా ఉన్న ఓడ గుంట మీద సైన్యం శిక్షణ వాహనాలు తిరిగి కొంత దెబ్బతీశాయి.

ఆ వస్తువులను నేను అంతకు ముందే లండన్‌లో, బ్రిటిష్ మ్యూజియం 41వ గదిలో చూశాను. అయిదు వందలకు పైగా ముక్కలైన శిరస్త్రాణాన్ని రెండుసార్లు అతికారు. మొదట యుద్ధానంతరం, ఆ తరువాత 1970–71లో. రెండోసారి వచ్చిన ఆకారమే ఇప్పుడు కనిపించేది. బంగారు నడికట్టు బకిల్ 400 గ్రాములకు పైనే. దాని మీద పాములు, జంతువులు ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉంటాయి. బోలుగా ఉండి వెనకవైపు తెరుచుకుంటుంది. కాన్‌స్టాంటినోపుల్ నుంచి వచ్చిన వెండి పళ్ళెం అడుగున అనస్టాసియస్ చక్రవర్తి ముద్రలు ఉన్నాయి. ఆయన పాలన 491 నుంచి 518 వరకు. సంచిలో 37 బంగారు నాణేలు ఉన్నాయి. అన్నీ ఫ్రాన్స్ ప్రాంతపు మెరోవింజియన్ రాజ్యాలవే అయినా, ఏ రెండూ ఒకే టంకశాలలో కొట్టినవి కావు. వాటిని చూస్తే ఎవరో ఏరి కూర్చినట్టే ఉంది. సుమారు 625లో ఇక్కడ పూడ్చిన మనిషి ఈ ప్రాంతపు ఆంగ్లో-శాక్సన్ రాజ్యం ఈస్ట్ ఆంగ్లియా రాజు రేడ్వాల్డ్ అని చాలామంది నమ్ముతారు. శరీరం మాత్రం దొరకలేదు. ఇసుకలో, శరీరం కరిగిపోతూ వదిలే ఫాస్ఫేట్ జాడ మాత్రమే మిగిలింది.

భుజాలకు పెట్టుకునే బిగింపుల ముందు మాత్రం కాసేపు ఆగాను. ఎర్రటి గార్నెట్ రాళ్ళను పలచగా కోసి, ఒక్కొక్క దానికి బంగారు గడి కట్టి, అందులో బిగించారు. ప్రతి రాయి కింద చిన్న గళ్ళు నొక్కిన బంగారు రేకు ఉంటుంది. వెలుతురు రాయిలోంచి దిగి, ఆ రేకు మీద పడి తిరిగి పైకి వస్తుంది. అందుకే ఆ ఎరుపు నిప్పులా రగులుతుంది. దీపం దగ్గర చూసే రాజసభలో ఇవి ఎలా ఉండేవో ఊహించుకోవచ్చు.

ఇవి ఎక్కడి రాళ్ళు అనే ప్రశ్న అందరిలాగే నాకూ వచ్చింది. ఐదు, ఆరు శతాబ్దాల్లో పశ్చిమ యూరప్ నగల్లో వాడిన గార్నెట్లలో చాలా భాగం భారతదేశం, శ్రీలంక నుంచి సముద్రం దాటి వెళ్ళినవేనని రసాయన పరీక్షలు చెబుతున్నాయి. తరువాత ఆ రాక తగ్గి, మధ్య యూరప్‌లోని బొహీమియా చిన్న రాళ్ళ వాడకం పెరిగింది. మన కొత్తగూడెం దగ్గర గరీబ్‌పేట గుట్ట మీద గార్నెట్ నిక్షేపం ఉంది. పుదుచ్చేరి పక్కన అరికమేడులో పూసలు చెక్కడానికి వాడిన రాళ్ళు, 640 కిలోమీటర్ల దూరంలోని ఆ గుట్టవేనని 2017లో వచ్చిన పరిశోధన నిరూపించింది. సట్టన్ హూ రాజు భుజం మీది రాయి గరీబ్‌పేటదని నేను అనడం లేదు. కానీ దక్కను రాయికి అంత పేరు, అంత దూరపు ప్రయాణం ఉన్న కాలంలో ఈ రాజు బతికాడు.

మళ్ళీ గట్టు మీదికి వద్దాం. నాకు అందరికన్నా దగ్గరగా అనిపించిన సమాధి పదిహేడో దిబ్బ. 1991లో పురావస్తు శాస్త్రవేత్త మార్టిన్ కార్వర్ బృందం దీన్ని తవ్వింది. పక్కపక్కనే రెండు గుంటలు. ఒకదాంట్లో ఇరవై అయిదేళ్ళలోపు యువకుడు, శవపేటికలో, పక్కన కత్తి, డాలు, ఈటెలు, వంటపాత్ర, ప్రయాణపు సంచి, దువ్వెన. రెండోదాంట్లో అతని గుర్రం. బంగారు పూత అలంకారాలున్న కళ్ళెం మాత్రం యువకుడి గుంటలోనే ఉంది. ఇక్కడ మట్టి కాస్త కనికరించి ఎముకలను వదిలింది. దొంగలు ఈ దిబ్బ మీద కూడా పార వేశారు. సరిగ్గా నడిమధ్యన తవ్వుకుంటూ వెళ్ళి, రెండు గుంటల మధ్యలోంచి దిగి, రెండింటినీ తాకకుండా వెళ్ళిపోయారు. ఒకటో దిబ్బదీ ఇంచుమించు అదే అదృష్టం. ఒక అంచు తెగిపోయి నడిమి చోటు జరిగిపోవడంతో దొంగల గుంట పక్కకు పడింది.

రాజులను మించి తెలుసుకోవలసినవారు ఈ దిబ్బల్లో కాదు, ట్రాన్మర్ హౌస్ వైపున ఉన్నారు. 2000లో సందర్శకుల కేంద్రం కట్టేముందు తవ్వితే, అంతకు ముందరి శ్మశానం ఒకటి బయటపడింది. ఆరో శతాబ్దపుది. కొందరిని దహనం చేశారు, కొందరిని పూడ్చారు. కొన్ని సమాధుల చుట్టూ గుండ్రటి కందకాలు ఉన్నాయి. మగవారి పక్కన ఈటెలు, డాళ్ళు. ఆడవారి పక్కన పూసలు, బ్రోచీలు. దిబ్బల కింద ఉన్నవారి తాతముత్తాతల తరం వీళ్ళే. రాజ్యం ఊరి మనుషుల్లోంచి ఎలా ఎదిగిందో ఈ రెండు శ్మశానాలు పక్కపక్కనే పెట్టి చూస్తేనే తెలుస్తుంది. ఇక్కడికి వచ్చేవారిలో చాలామంది ఈ భాగాన్ని వదిలేసి బయలుదేరడం నాకు నచ్చలేదు. ఈ పరిసరాల్లోనే 1986లో గ్రీకు అక్షరాలు, వేట దృశ్యాలు చెక్కిన రాగి మిశ్రమపు బైజంటైన్ బక్కెట్ ముక్కలు దొరికాయి. 2024 తవ్వకంలో దాని అడుగు భాగం కూడా దొరికింది. అందులో దహనం చేసిన మనిషి, జంతువుల ఎముకలు, ఒక దువ్వెన ఉన్నాయి. మధ్యధరా దేశంలో చేసిన ఆడంబరపు పాత్ర ఇక్కడ అస్థికల పాత్ర అయింది.

ఇక్కడే ఇంకో రకం సమాధులు కూడా ఉన్నాయి. ఎనిమిదో శతాబ్దం మొదలు ఈ దిబ్బల చుట్టూ నేరస్థులకు మరణశిక్ష వేసి పాతిపెట్టారు. ఆ శరీరాలు కూడా కరిగిపోయి, గట్టిపడిన నల్లటి ఇసుక ఆకారాలుగా మిగిలాయి. చేతులు వెనక్కి కట్టినట్టున్నవి, మోకాళ్ళ మీద ఉన్నవి, తల వేరైనవి. వాటి ఫొటోలు చూస్తుంటే మా అమ్మాయి ఏమీ అనలేదు. నేనూ అడగలేదు.

సాయంత్రం మెల్టన్ వెళ్ళకుండా ఉడ్‌బ్రిడ్జ్ మీదుగా వచ్చాం. నది ఒడ్డున లాంగ్‌షెడ్ అనే కొట్టంలో స్వచ్ఛంద కార్యకర్తలు ఆ ఓడను మళ్ళీ అదే కొలతలకు కడుతున్నారు. పచ్చి ఓక్ దుంగలు, గొడ్డళ్ళు, ఇనుప రివెట్లు. వడ్రంగం తెలిసిన పెద్దలు, నేర్చుకుంటున్న పిల్లలు ఒకే పలక మీద వంగి పనిచేస్తున్నారు. కొలతలకు ఆధారం ఆ 1939 ఫొటోలు, ఆ ఇసుకలోని రివెట్ల స్థానాలు. ఒక పలకను మరో పలక మీదికి తెచ్చి ఆనిస్తుంటే, వాటి మధ్య వచ్చే ఒంపును చూస్తూ మా అమ్మాయి ఎన్నో ప్రశ్నలు వేసింది. కట్టడం పూర్తయ్యాక డెబెన్‌లో దించి తెడ్లతో నడుపుతారట. వేగం ఎంత, మలుపులో ఎంత ఒరుగుతుంది, ఇంత పొడవును ఎంతమంది లాగగలరు అనేవి అప్పుడు కొలుస్తారు.