పైథాన్ పుస్తకాన్ని మధ్యలోంచి తెరిచి చూశాను

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష జోలికి వెళ్లే నాటికి కోడింగ్ నాకు పూర్తిగా కొత్త కాదు. ఎక్సెల్ ఫార్ములాలు బాగానే వచ్చు. ఎవరో రాసిన మాక్రోలో (ఎక్సెల్ పనుల్ని వాటంతటవే జరిపించే చిన్న ప్రోగ్రామ్) ఒకటి రెండు లైన్లు మార్చి నా పనికి వాడుకునేదాన్ని. నెలనెలా వచ్చే ఫైళ్లన్నీ కలిపి ఒక రిపోర్టు తయారు చేయడం నా ఉద్యోగంలో పెద్ద భాగం. ఆ కలిపే పనికి మనిషి అక్కర్లేదని తెలిశాక ఇక ఆగలేకపోయాను.

"పుస్తకం ఎందుకండీ, వీడియోలు బోలెడు ఉన్నాయి కదా" అన్నారు పక్క సీటు ఆయన. ఉన్నాయి, కొన్ని చూశాను కూడా. వాళ్లు టైప్ చేస్తుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది. వీడియో ఆపి మనమే రాద్దామని కూర్చుంటే చెయ్యి కదలదు. ఎప్పుడో విన్న ముక్క మళ్లీ కావాలంటే ఏ వీడియోలో ఏ నిమిషం దగ్గర ఉందో వెతుక్కోలేక చిరాకొస్తుంది. నాకు చదివితేనే బుర్రకెక్కుతుంది, అంతే.

తీరా వెతకడం మొదలుపెడితే ఎక్కడ చూసినా "బెస్ట్ పుస్తకాలు" అనే లిస్టులే. వాటిని మెచ్చుకున్నవాళ్లలో చాలామంది అప్పటికే ఏళ్ల తరబడి కోడ్ రాస్తున్నవాళ్లు. వాళ్లకి నచ్చిందంటే నాకు అర్థమవుతుందని ఏముంది? అందుకని ఐదు స్టార్ల రివ్యూలు వదిలేసి రెండు, మూడు స్టార్లవి చదివాను. "మరీ నెమ్మదిగా నడిపించారు, తెలిసిన విషయాలే సాగదీశారు" అని ఎవరైనా విసుక్కుంటే ఆ పుస్తకాన్ని నా లిస్టులో చేర్చుకున్నాను. "కోడ్ అలాగే టైప్ చేస్తే ఎర్రర్ వస్తోంది" అని ఇద్దరు ముగ్గురు రాస్తే తీసేశాను.

ముందుమాట చదవడం కూడా చాలా పనికొచ్చింది. రచయిత ఎవరి కోసం రాశాడో అక్కడే చెప్పేస్తాడు, మనమే చదవం. సీ అనే ఇంకో ప్రోగ్రామింగ్ భాషకి కెర్నిగన్, రిచీ రాసిన పుస్తకం 1978లో వచ్చింది. సీ నేర్చుకుంటానన్న ప్రతివాడికీ ఎవరో ఒకరు దాని పేరు చెబుతారు. ఆ రిచీయే సీ భాషను తయారు చేసిన మనిషి. కానీ ఇది ప్రోగ్రామింగ్‌లో ఓనమాలు నేర్పే పుస్తకం కాదనీ, వేరియబుల్ (విలువకి పెట్టే పేరు), లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించేది), ఫంక్షన్ (పేరు పెట్టి పిలిచి వాడుకునే కోడ్ ముక్క) లాంటివి చదివేవాళ్లకి కొంత తెలిసి ఉండాలనీ దాని ముందుమాటలోనే ఉంది. అంత గొప్ప పుస్తకం కూడా అందరికీ మొదటి పుస్తకం కాదన్నమాట. పైథాన్‌తో పాటు ఉచితంగా దొరికే అధికారిక ట్యుటోరియల్ తెరిచి చూసినా నాకు అదే అనిపించింది. చాలా బాగుంది, కానీ ఇంకో భాష వచ్చినవాళ్లకి సరిపోయే వేగంలో పోతుంది.

తర్వాత ఎడిషన్ సంగతి. పైథాన్ 3 వచ్చింది 2008 డిసెంబరులో. అది పాత పైథాన్ 2 కోడ్‌ని ఉన్నదున్నట్టు ఒప్పుకోదు. పైథాన్ 2కి 2020 జనవరి 1తో సపోర్టు కూడా ఆగిపోయింది. అయినా ఆ కాలం పుస్తకాల పీడీఎఫ్‌లు ఇప్పటికీ చేతులు మారుతూనే ఉన్నాయి. గుర్తుపట్టడం సులువే. ప్రింట్ అన్న మాట పక్కన బ్రాకెట్లు లేకుండా కోడ్ ఉంటే అది పాతది. ఐదుని రెండుతో భాగిస్తే రెండే వస్తుందని రాసి ఉన్నా పాతదే, ఇప్పుడు రెండున్నర వస్తుంది. పైథాన్ 3 పుస్తకాల్లో కూడా వయసు తెలియాలంటే నేను ఎఫ్-స్ట్రింగ్స్ కోసం, అంటే వాక్యం మధ్యలోనే వేరియబుల్ విలువను ఇమిడ్చి రాసే పద్ధతి కోసం చూసేదాన్ని. అవి 2016 చివర్లో వచ్చిన 3.6 వెర్షన్‌తో మొదలయ్యాయి. పుస్తకంలో వాటి ఊసే లేకపోతే అంతకంటే ముందు రాసినదయ్యే అవకాశమే ఎక్కువ. అంతమాత్రాన పనికిరాదని కాదు గానీ, రెండూ సమానంగా ఉంటే కొత్తదే తీసుకోవాలి కదా.

ఇంత వడపోశాక కూడా కొన్ని మిగిలాయి. వాటి మొదటి అధ్యాయాలన్నీ ఒకేలా ఉన్నాయి. ఇన్‌స్టాల్ చేయడం, హలో అని ప్రింట్ చేయడం, కూడికలు, తీసివేతలు. అక్కడ ఏ పుస్తకమైనా బాగానే ఉంటుంది. అందుకే అందరూ తడబడే చోటు ఒకటి పట్టుకుని, అదొక్కటే అన్ని పుస్తకాల్లో చదివాను.

అది పైథాన్ లిస్టుల దగ్గర, అంటే కొన్ని విలువల్ని వరుసగా ఒకే చోట పెట్టుకునే దగ్గర వస్తుంది. ఒక లిస్టుకి ఏ అని పేరు పెడతాం. బీ ఈక్వల్స్ ఏ అని రాస్తాం. ఆ తర్వాత బీలో ఒక అంశం చేరిస్తే అది ఏలో కూడా కనిపిస్తుంది! ఎక్సెల్‌లో ఒక వరుస కాపీ చేసి పక్కన పేస్ట్ చేస్తే రెండోదాన్ని మార్చినా మొదటిది మారదు. ఆ అలవాటు ఉన్నవాళ్లకి ఇది మాయలా అనిపిస్తుంది. ఒక పుస్తకం ఈ సంగతే ఎత్తలేదు. ఇంకోటి "జాగ్రత్త" అని ఒక వాక్యం రాసి ముందుకు వెళ్లిపోయింది. మరొకటి మొదట్లోనే వేరియబుల్ అంటే విలువ దాచుకునే డబ్బా అని చెప్పింది. ఇక్కడికొచ్చేసరికి ఆ డబ్బాతోనే చిక్కుపడింది. రెండు డబ్బాలున్నప్పుడు ఒకదాంట్లో వేసింది రెండోదాంట్లోకి ఎలా వెళ్తుంది? చివరికి నేను కొన్న పుస్తకం మొదటి నుంచీ వేరియబుల్‌ని ఒక పేరుగానే చెప్పింది. లిస్టు ఒకటే, దానికి ఇప్పుడు రెండు పేర్లు. నిజంగా ఇంకో కాపీ కావాలంటే కాపీ అని విడిగా అడగాలి. ఒక్క పేజీలో, చిన్న బొమ్మతో సరిపోయింది.

అదే పుస్తకంలో నచ్చిన ఇంకో విషయం, ఎర్రర్లు కావాలని తెప్పించి చూపించడం. ఎర్ర అక్షరాలు అన్నేసి లైన్లు వస్తే మొదట ఆఖరి లైను చదవమంది. ఏం తప్పో అక్కడుంటుంది, అది ఏ లైన్లో జరిగిందో దాని పైన ఉంటుంది. తప్పే రాని కోడ్ చూపించే పుస్తకాలంటే నాకు అనుమానం.

ఎక్సర్‌సైజులు కూడా కొనకముందే ఒకటి రెండు చేసి చూశాను. శాంపిల్ అధ్యాయాలు ఉచితంగా దొరుకుతున్నప్పుడు చేయకపోవడం ఎందుకు? పైన ఇచ్చిన ప్రోగ్రామ్‌లో అంకె మార్చమనేవి దండగ. గత అధ్యాయంలోది, ఈ అధ్యాయంలోది కలిపితే తప్ప తేలనివి కావాలి. జవాబులు ఉండాలి, కానీ ప్రశ్న కిందే ఉండకూడదు. కిందే ఉంటే నా కళ్లు ఆగవు.

పుస్తకం తేలాక ఈ-బుక్కా, అచ్చు పుస్తకమా అన్నది మిగిలింది. నవల అయితే ఫోన్లో చదువుతాను. పైథాన్‌లో మాత్రం లైను మొదట్లో వదిలిన ఖాళీకి కూడా అర్థం ఉంటుంది, ఏ లైను ఏ లూప్ కిందిదో దాన్ని బట్టే తెలుస్తుంది. చిన్న తెర మీద పొడుగు లైను విరిగి కిందికి జారితే అది కొత్త లైనో పాతదాని తోకో తెలియదు. అచ్చు పుస్తకమే తీసుకున్నాను.

ఫైళ్లు కలిపే పని ఇప్పుడు పైథానే చేస్తోంది. దానికి కావలసిన పాండాస్ (పట్టికల్లో ఉన్న డేటాతో పని చేయడానికి పైథాన్‌కి జోడించుకునే లైబ్రరీ) గురించి ఆ పుస్తకంలో పెద్దగా లేదు, అది డాక్యుమెంటేషన్ చూసి నేర్చుకున్నాను. ఈ మధ్య పక్క సీటు ఆయనే జావాస్క్రిప్ట్‌కి ఏ పుస్తకం మంచిదని అడిగారు. నాకు ఆ భాష రాదు. అయినా ఆయన దగ్గరున్న పీడీఎఫ్ తెరిచి చూస్తే వేరియబుల్స్ అన్నీ వార్ అన్న పాత మాటతోనే మొదలవుతున్నాయి, దాని బదులు ఇప్పుడు వాడే లెట్, కాన్‌స్ట్ ఒక్క చోటా లేవు. అవి 2015లోనే వచ్చాయి, ఇంకో పుస్తకం చూడండి అన్నాను.